పాత పుస్తకాలను బడికి రానివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను మల్కాజిగిరిలో బట్టలు కుడతాను. మా పెద్దమ్మాయి ఇంజనీరింగ్ చదువంతా కోఠి, ఆబిడ్స్ పాత పుస్తకాలతోనే సాగింది. ఆదివారం షాపులు మూసి ఉన్నప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ కొన్న మ్యాథ్స్ పుస్తకం మొదటి పేజీలో అప్పటికే ముగ్గురి పేర్లున్నాయి. వాళ్లు పెన్సిల్‌తో చేసి చూపిన లెక్కలు మా అమ్మాయికి ట్యూషన్‌లా పనికొచ్చాయి.

చిన్నవాడి ప్రైవేటు స్కూల్లో ఆ వీలే లేదు. ఏటా సెట్టు మొత్తం కొత్తదే కొనాలి, అదీ వాళ్ల కౌంటర్‌లోనే. పాఠం మారదు, అట్ట మారుతుంది. ఖాళీలు పుస్తకంలోనే పూరించాలి కాబట్టి ఏడాది తిరిగేసరికి అది ఇంకెవరికీ పనికిరాదు. కిలోల లెక్కన తూకానికి వేయడమే.

తూకానికి వేస్తే మళ్లీ కాగితమే అవుతుందిగా అంటారు. అవుతుంది. కానీ సిరా వదిలించాలి, నీళ్లూ కరెంటూ కావాలి, అలా మళ్లీ కాగితంగా మార్చిన ప్రతిసారీ అందులోని నార పొట్టిదై కాగితం బలం తగ్గుతుంది. అదే పుస్తకం మరో పిల్ల చేతికెళ్తే కొత్తగా అట్ట వేస్తే చాలు.

పరీక్షలు కాగానే పై తరగతి పుస్తకాలు కింది తరగతి పిల్లలకు అందేలా ప్రతి స్కూలూ ఏర్పాటు చేయాలి. అభ్యాసాలు నోటుబుక్కులోనే రాయించాలి. విద్యాశాఖ జూన్‌లో బడులు తెరవకముందే ఈ మేరకు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

— ఒక టైలర్, మల్కాజిగిరి, హైదరాబాద్