బోర్డు మీద ధర ఎందుకు ఎక్కువుందంటే

బెంగళూరు కె.ఆర్.పురంలోని మన ఎలక్ట్రిక్ స్కూటర్ల షాపు బయట బోర్డు మారింది. మొన్నటిదాకా మారతహళ్లి వైపున్న షోరూమ్ ధరా మన ధరా ఒకటే. ఇప్పుడు అదే కంపెనీ, అదే మోడల్ మన బోర్డు మీద ఇరవై వేలకు పైగా ఎక్కువ కనిపిస్తోంది. "అన్నా, రేట్లు పెంచేశావా?" అని ఫోన్లు వస్తున్నాయి. పెంచలేదు. ఇక ఆయుధ పూజకు బండి వస్తుందని సెప్టెంబర్‌లో అడ్వాన్స్ కట్టి, దీపావళి కూడా దాటిపోయి, ఈ 2025 నవంబర్‌లో ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు నా మీద కోపం ఉంది, ఉండాలి కూడా. కె.ఆర్.పురంలో మన తెలుగువాళ్లే ఒకరికొకరు చెప్పుకుని ఈ షాపును నిలబెట్టారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముందు బండ్ల సంగతి. కంపెనీ చెప్పే కారణం మాగ్నెట్లు. స్కూటర్ మోటారులో వాడే రేర్ ఎర్త్ అనే అరుదైన లోహాల అయస్కాంతాలు ఎక్కువగా చైనా నుంచే రావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా వాటి ఎగుమతికి లైసెన్సులు పెట్టింది, ఆగస్టుకల్లా మన దేశంలో పెద్ద కంపెనీల ఉత్పత్తికే దెబ్బ తగిలింది. ఇది నిజం, కాదనను. కానీ ఉన్న బండ్లను పంచడానికి అయస్కాంతాలు అక్కర్లేదు కదా. మనకు "స్టాక్ లేదు" అని చెప్పిన వారంలోనే ఆ మారతహళ్లి షోరూమ్‌లో బండ్లకు దండలు వేసి, నిమ్మకాయలు తొక్కించి డెలివరీ ఇచ్చారు. ఏరియా మేనేజర్‌ను అడిగితే "సిస్టమే అలాట్ చేస్తుంది సార్" అన్నాడు. ఆ సిస్టమ్‌కు నేను మెయిల్ పెట్టలేను. మేనేజర్‌కు పెట్టిన మెయిల్‌కు జవాబు లేదు. 2021లో "బ్యాటరీ బండా? పిల్లలాడుకునేదా?" అని జనం నవ్వుతున్నప్పుడు ఈ కంపెనీ బండిని వీధివీధికీ తీసుకెళ్లి టెస్ట్ రైడ్ ఇచ్చినవాణ్ణి నేను. ఆ మాట ఇప్పుడు వాళ్లకు గుర్తు చేయడం కూడా నాకు చిన్నతనంగా ఉంది.

అలాట్‌మెంట్, అంటే కంపెనీ మనకిచ్చే బండ్ల కోటా, ఎందుకు తగ్గిందో నాకు ఎవరూ రాసి ఇవ్వలేదు. బోర్డు గొడవ తర్వాతే తగ్గిందన్నది మాత్రం నాకు తెలుసు.

పండక్కి కంపెనీ పంపిన బోర్డు డిజైన్‌లో ఒక ధర పెద్ద అక్షరాల్లో ఉంది. పక్కన కనబడీ కనబడని చుక్క. ఆ చుక్క పట్టుకుని కిందికి వెళ్తే తెలుస్తుంది, అది సబ్సిడీ తీసేసిన ఎక్స్‌షోరూమ్ ధర అని. నావిగేషన్, రైడ్ మోడ్‌లు, పెంచిన వారంటీ కలిపిన ప్యాక్ వేరే. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ వేరే. ప్యాక్ లేకుండా బండి తీసుకున్నవాళ్లు నా దగ్గర ఒక్కరూ గుర్తు లేరు. అంటే బోర్డు మీదున్న ధరకు బండి ఇంటికి తీసుకెళ్లినవాళ్లు ఎవరూ లేరు.

దీనికి మూలం ప్రభుత్వం పెట్టిన పరిమితి. ఫ్యాక్టరీ ధర లక్షన్నర దాటిన ఎలక్ట్రిక్ టూ వీలర్‌కు కేంద్రం సబ్సిడీ రాదు. 2019 నాటి ఫేమ్-2 సబ్సిడీ పథకం నుంచి పీఎం ఈ-డ్రైవ్ పథకం దాకా ఇదే లెక్క. ఖరీదైన బండ్లకు ప్రజల డబ్బు పోకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ ఒక్క రూపాయి దాటితే మొత్తం పోతుందంటే కంపెనీ ఏం చేస్తుంది? బండిలో ఉండాల్సినవి బయటికి తీసి విడిగా అమ్ముతుంది. ఛార్జర్లను, సాఫ్ట్‌వేర్‌ను ఇలాగే వేరే బిల్లు వేసి అమ్మారని 2023లో కేంద్రం పట్టుకుంటే, కంపెనీలు కొన్నవాళ్లకు ఛార్జర్ డబ్బు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడు మన కస్టమర్లలో కొందరు వచ్చి, "ఛార్జర్‌కు విడిగా ఎందుకు తీసుకున్నావన్నా?" అని అడిగారు. ఆ డబ్బు నా జేబులోకి రాలేదు. అయినా కౌంటర్‌లో కనబడే మొహం నాదే కదా. అప్పటి నుంచీ అది నాలో ముల్లులాగే ఉంది.

అందుకే ఈసారి కంపెనీ బోర్డు పెట్టలేదు. పెట్టకుండా ఉండటం అంత సులభంగా ఏమీ జరగలేదు. నా భార్య "ఊరందరిదీ ఒక దారి, నీది ఒక దారి" అంది. షాపులో కుర్రాళ్లు పండగ ఇన్సెంటివ్ పోతుందని మొహాలు మాడ్చుకున్నారు. ఒక రాత్రి కంపెనీ బోర్డే పెడదామని ప్రింటర్‌కు ఫోన్ చేశాను, పొద్దున్నే వద్దని మళ్లీ చేశాను. అతను ఇప్పటికీ నన్ను ఆ మాటతోనే ఏడిపిస్తున్నాడు. చివరికి పెట్టిన బోర్డులో పైన ఉన్నది ఆన్‌రోడ్ ధర, అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిపినది, ప్యాక్‌తో సహా, సబ్సిడీ తీయకముందు. దాని కింద "సబ్సిడీ 5,000 తగ్గింపు". దాని కింద మీరు కట్టేది. అంతే. దారిన పోయేవాడు పై అంకె చూసి ముందుకు వెళ్లిపోతున్నాడని తెలుసు. అమ్మకాలు తగ్గాయి, అదీ తెలుసు. బోర్డు మార్చను.

ఇంకో ప్రశ్న, "ఇంతకుముందు నలభై వేలు తగ్గేది కదా, ఆ డబ్బు ఎవరు తింటున్నారు?" ఎవరూ తినడం లేదు. 2021 జూన్‌లో బ్యాటరీ ఒక్కో కిలోవాట్ అవర్‌కు, అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్‌కు, 15,000 చొప్పున ఇచ్చేవాళ్లు. మూడు యూనిట్ల బండికి 45,000. 2023 జూన్‌లో దాన్ని యూనిట్‌కు 10,000 చేసి, ఫ్యాక్టరీ ధరలో 15 శాతం దాటకూడదన్నారు. 2024 ఏప్రిల్ నుంచి 5,000, బండికి 10,000 మించకుండా. 2025 ఏప్రిల్ నుంచి 2,500, బండికి 5,000 మించకుండా. రెండు యూనిట్ల బ్యాటరీకే ఆ 5,000 నిండిపోతుంది, నాలుగు యూనిట్ల బండి కొన్నా వచ్చేది అంతే. టూ వీలర్లకు ఇది కూడా 2026 మార్చి 31 వరకేనని 2025 ఆగస్టులో చెప్పేశారు.

ఇటు 350 సీసీ దాకా పెట్రోలు బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అప్పటిదాకా 90,000 ఉన్న పెట్రోలు స్కూటర్ దాదాపు 7,000 తగ్గింది. మన బండికి వచ్చే సబ్సిడీ మొత్తం కంటే ఇది ఎక్కువ! ఎలక్ట్రిక్ బండికి జీఎస్టీ 2019 నుంచీ 5 శాతమే కాబట్టి తగ్గడానికేమీ లేదు. దాంతో "పెట్రోలుదే తీసుకుంటాలే" అని పండగ ముందు వెళ్లిపోయినవాళ్లను నేను ఆపలేదు. రోజుకు పది కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లకు అదే లాభమని నేనే చెప్పాను.

సబ్సిడీ ఉండాలా వద్దా అని సాయంత్రాలు షాపులో పెద్ద వాదనలే నడుస్తున్నాయి. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ చేసే ఒకాయన, నా పాత కస్టమరే, "నాలాంటివాడికి 5,000 ఎందుకు? ఆ డబ్బుతో ఛార్జింగ్ పాయింట్లు పెట్టమనండి" అంటాడు. ఈ పథకంలో ఛార్జింగ్ స్టేషన్లకు 2,000 కోట్లు విడిగా ఉన్నాయని చెబితే, "మరి మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోకి ఎప్పుడొస్తాయి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఫుడ్ డెలివరీ చేసే కర్నూలు కుర్రాడొకడికి మాత్రం ఆ 5,000 అంటే దాదాపు రెండు నెలల ఈఎంఐ. "అన్నా, ఆయనకు వద్దంటే నాకు పది ఇవ్వమను" అన్నాడు. నేను వాడి వైపే. ధరకు పరిమితి పెట్టినప్పుడు ఛార్జర్, ప్యాక్ అన్నీ కలిపిన బిల్లు మీద పెట్టాలి. దాటితే మొత్తం తీసేయకుండా మెల్లగా తగ్గించాలి. డబ్బు కంపెనీ చేతుల మీదుగా కాకుండా గ్యాస్ సబ్సిడీలాగా కొన్నవాడి ఖాతాలో పడాలి. అప్పుడు ఎవడి బోర్డులో ఏముందో గొడవే ఉండదు.

ఇక అడ్వాన్స్ కట్టినవాళ్లకు. డబ్బు వెనక్కి కావాలంటే రసీదు తెండి, పూర్తిగా ఇచ్చేస్తాను. కంపెనీ నుంచి నాకు వచ్చేదాకా ఆగమని అనను, మొహమాటపడొద్దు. ఆగేవాళ్లకు బుక్ చేసిన రోజు ధరే. బండి మార్చి 31 తర్వాత వచ్చి సబ్సిడీ పోతే, ఆయుధ పూజ ముందు బుక్ చేసినవాళ్లకు ఆ 5,000 నేనే వేసుకుంటాను. బండి మీద నాకు మిగిలేదాంట్లో అది సగానికి పైగానే. మాటిచ్చింది నేను, కంపెనీ కాదు. కొత్త బుకింగ్‌లకు ఇది వర్తించదు, దయచేసి అడగొద్దు.

సబ్సిడీ వోచర్‌కు ఆధార్‌తో ముఖం స్కాన్ చేయాలి కాబట్టి బండి ఎవరి పేరు మీద ఉంటుందో వాళ్లే రావాలి. కొడుకు పేరు మీద తీసుకుంటూ నాన్నగారు ఒక్కరే వస్తే పని జరగదు. ఇక్కడ కర్ణాటకలో ఎలక్ట్రిక్ స్కూటర్‌కు 2025 నాటికి రోడ్ ట్యాక్స్ లేదు, కాబట్టి సొంతూళ్లో రిజిస్టర్ చేయిస్తే కలిసొస్తుందేమోనన్న ఆలోచన కూడా అక్కర్లేదు. సర్వీసు ఎప్పటిలాగే ఉంటుంది. మారతహళ్లి షోరూమ్‌లో కొన్న బండి తెచ్చినా చేస్తాం, వరుసలో వెనక్కి నెట్టం. అక్కడ ఎంతకొచ్చిందో మాత్రం నాకు చెప్పొద్దు.