41వ మలుపు పెద్దాయనకి

నిన్న రాత్రి పదకొండు దాటాక మ్యూనిక్‌లో మా అబ్బాయి ఇంటికి చేరాం. సంచులు ఇంకా హాల్లోనే పడున్నాయి. మావారు సోఫాలో బూట్లతోనే నిద్రపోయారు. నేనూ పడుకుందామని చూశాను గానీ కళ్ళు మూస్తే చాలు, మలుపులే తిరుగుతున్నాయి. ఇది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. తప్పులు దొర్లితే సర్దుకుని చదువుకోండి.

మాది రాజమండ్రి. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఆల్ప్స్ పర్వతాలు ఎక్కడున్నాయో ఎంతమంది పిల్లల చేత మ్యాపులో పెట్టించానో లెక్కలేదు. రిటైరయ్యాక ఒక్కసారైనా వాటిని కళ్ళతో చూడాలనుకున్నాను. కారు అద్దెకి తీసుకుని మనిద్దరమే తొమ్మిది రోజులు తిరుగుదాం అన్నది మాత్రం మావారి ఆలోచన. "ఈ వయసులో మనకెందుకండీ" అన్నాను. వింటేగా.

ముందు అయిదు రోజులూ నా మాటే తప్పని తేలింది. హాల్‌స్టాట్‌లో కొండకీ సరస్సుకీ మధ్య ఇరుక్కుని ఉన్న ఊరు చూశాం. ఆస్ట్రియాలో గ్రోస్‌గ్లాక్నర్ కొండదారి ఉంది. 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, పైన హోక్‌టోర్ దగ్గర 2,504 మీటర్ల ఎత్తు. దాన్ని మావారు కారుకి ఒక్క గీత పడకుండా ఎక్కించి దింపారు. ఆ సాయంత్రం నుంచీ ఆయన నడకే మారిపోయింది. స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు మధ్య చిన్న లంక, దానిమీద చర్చి. పడవ దిగి 99 మెట్లెక్కి గంట కొట్టాను. గంట కొట్టి కోరుకుంటే తీరుతుందని అక్కడి నమ్మకం. క్షేమంగా ఇంటికి చేర్చమని కోరుకున్నాను. అమ్మవారైనా మేరీమాతైనా వినేది ఒకటే గదా.

ఆరో రోజు ఆదివారం. క్రాన్యస్కా గోరా నుంచి వ్రషిచ్ కనుమ మీదుగా బోవెట్స్ వెళ్ళాలి. కనుమ ఎత్తు 1,611 మీటర్లు, మలుపులు 50. ప్రతి మలుపు దగ్గరా నంబరు రాసిన బోర్డు ఉంటుంది. ఈ దారి మొదటి ప్రపంచయుద్ధంలో రష్యన్ యుద్ధఖైదీల చేత వేయించింది. 1916లో మంచు కూలి వాళ్ళలో చాలామంది దాని కింద పడి పోయారు. ఎనిమిదో మలుపు దగ్గర వాళ్ళ జ్ఞాపకంగా చెక్కతో కట్టిన చిన్న గుడి ఉంది. అక్కడ దిగి దణ్ణం పెట్టుకున్నాను. అవతలి వైపు లోయలో సోచా నది. ఇటలీవాళ్ళు ఇసోంజో అంటారు. 1915 నుంచి 1917 దాకా దాని ఒడ్డున పన్నెండు యుద్ధాలు జరిగాయి. ఇదంతా కారులో మావారికి పాఠంలా చెబుతున్నాను. ఆయన "ఊఁ" అంటున్నారు. తర్వాత జరిగినదాంట్లో నా పాఠం వాటా ఎంతో ఆయన ఇప్పటిదాకా అనలేదు. అనకపోవడమే కొంచెం భయంగా ఉంది.

41వ మలుపు దగ్గర కింద నుంచి ఇల్లంత బండి ఒకటి ఎదురొచ్చింది. దారి ఇవ్వడానికి మావారు కుడివైపు అంచుకి జరిపారు. మనకి స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, అక్కడ ఎడమవైపు. ఎంత బాగా నడిపేవాళ్ళకైనా అవతల పక్క చక్రం ఎక్కడుందో అంచనా దొరకదు. గట్టుమీద రాయి ఒకటి కత్తిలా పొడుచుకు వచ్చి ఉంది. టప్ మని శబ్దం. ముందు కుడి టైరు పక్క గోడ నాలుగు వేళ్ళ పొడుగున చీలిపోయింది.

మావారు ధీమాగా డిక్కీ తీశారు. కింద అట్ట ఎత్తితే స్టెప్నీ ఉండాల్సిన చోట ఒక సీసా, అరచేయంత గాలి పంపు. అంతే. స్టెప్నీ లేదు. అది లేదు కాబట్టి జాకీ కూడా లేదు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఇంతేనట, బరువు తగ్గించడానికట. సీసాలో ఉన్నది టైరులోకి ఎక్కిస్తే చిల్లు పూడుతుందని బొమ్మ వేసి ఉంది. ఎక్కించాం. చీలికలోంచి తెల్లటి నురగ పొంగి మావారి ప్యాంటు మీద పడింది. అది మేకు దిగిన చిల్లుకి పనికొస్తుంది గానీ పక్క గోడ చీలితే ఎందుకూ పనికిరాదని అబ్బాయి తర్వాత చెప్పాడు.

ఫోనులో ఒక్క గీత సిగ్నల్. అద్దె కంపెనీ హెల్ప్‌లైన్‌కి చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. చివరికి ఒకమ్మాయి వచ్చింది. ఆదివారం కాబట్టి లాగే బండి రావడానికి అయిదు గంటలు పట్టొచ్చు, దాని ఖర్చు మాదే అని చెప్పింది. "ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం కదమ్మా" అంటే, అందులో టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం రావట. మరి ఫుల్ అంటే ఏమిటో! కౌంటర్ దగ్గర కుర్రాడు నవ్వుతూ సంతకాలు పెట్టించుకున్నప్పుడు ఈ ముక్క నోటితో చెబితే వాడి సొమ్మేం పోయేది? ముప్పై ఏళ్ళు పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, ఆ సన్న అక్షరాలు చదవకుండా సంతకం పెట్టాను. నా తప్పూ ఉంది. కాదనను.

అప్పటికి మూడున్నర. భోజనం బోవెట్స్‌లో చేద్దామనుకుని మధ్యాహ్నం ఏమీ తినలేదు. మావారికి షుగర్. చేతులు వణకడం మొదలైంది. ఆయనేమో చలికి అంటున్నారు. కార్లు పోతూనే ఉన్నాయి. కొందరు నెమ్మది చేసి చూసి వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పుపట్టను, ఆ మలుపులో ఆపడానికి చోటు లేదు.

అప్పుడు కింద నుంచి ఒక పాత డొక్కు కారు వచ్చింది. రెనో 4 అట. ఒకప్పుడు అక్కడే నోవో మెస్తోలో తయారయ్యేదట, అక్కడివాళ్ళు ముద్దుగా కత్రత్స అంటారు. ఒక పెద్దాయన దిగాడు. డెబ్బై అయిదు పైనే ఉంటాయి, మోకాళ్ళ దగ్గర మాసిన ప్యాంటు, చెవుల మీదకి టోపీ. ముందు టైరు వైపు చూడలేదు. మావారి చేతుల వైపు చూశాడు. వెనక్కి వెళ్ళి ఫ్లాస్క్ తెచ్చి, దాని మూతలో ఏదో వేడిగా పోసి మావారి చేతికిచ్చి ఒక్క మాట అన్నాడు.

"చాయ్."

మన చాయే. వాళ్ళ భాషలోనూ టీని చాయ్ అంటారని నాకు తెలియదు. ఎక్కడి రాజమండ్రి, ఎక్కడి కొండ. మధ్యాహ్నం నుంచి బిగపట్టుకుని ఉన్నది ఆ మాటతో తెగిపోయింది. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చేశాను, ముక్కు చీదుకుంటూ, సిగ్గు లేకుండా. పాలు లేవు, ఏవో కొండ ఆకులు, నిమ్మకాయ, బోలెడంత తేనె. రెండు మూతలు తాగాక మావారి చేతులు నిలబడ్డాయి. పెద్దాయన తన కోటు విప్పి నా భుజాల మీద వేశాడు. కట్టెల పొగ వాసన, తేనె వాసన.

తర్వాత టైరు చీలికలో వేలు పెట్టి చూసి తల అడ్డంగా ఊపి "వుల్కనిజేర్" అన్నాడు. మావారు ఎగిరి గంతేసినంత పని చేశారు. వల్కనైజింగ్! మా వీధి చివర పంక్చర్ షాపు బోర్డు మీద ఉన్న మాటే. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ భాష అవసరం లేకపోయింది. అబ్బాయి ఫోనులో జర్మన్‌లో మాట్లాడి మిగతాది తేల్చాడు. పెద్దాయన వయసులో ఉండగా ఆస్ట్రియాలో పనిచేశాడట. బోవెట్స్‌లో తెలిసిన టైర్ల షాపతను ఉన్నాడు, ఆదివారమైనా తెరిపిస్తాను, చక్రం ఊడదీసి తీసుకెళ్ళి టైరు మార్పించి తెస్తాను, రెండు గంటలు ఆగండి అన్నాడు.

తన జాకీ, ప్లస్ గుర్తులాంటి స్పానర్ తీశాడు. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టాడు. చక్రం ఊడదీశాక కారుని జాకీ మీదే వదలకుండా కింద ఒక దుంగ దూర్చాడు. చక్రం తన బండిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. ఈ పోస్టు రాస్తున్నది దీనికోసమే.

మొదటి గంట బాగానే గడిచింది. రెండు గంటలూ దాటాయి. ఎండ ఎదుటి కొండ కొమ్ము మీదకి ఎక్కేసింది. "ఏమండీ, అది అల్లాయ్ చక్రం, ఖరీదైనదే కదా?" అన్నాను. మావారు మాట్లాడలేదు. "ఆయన పేరైనా అడిగారా? బండి నంబరు చూశారా?" అన్నాను. ఆయన కోటు కప్పుకుని, ఆయన ఫ్లాస్క్ ఒళ్ళో పెట్టుకుని అన్నాను ఆ మాట. మా గోదావరి జిల్లాల మర్యాద గురించి జీవితమంతా గొప్పలు చెప్పుకున్న మనిషిని.

రెండు గంటల ఇరవై నిమిషాలకి కింద మలుపులో ఆ గుండ్రటి హెడ్‌లైట్లు కనిపించాయి.

వాడిన టైరే గానీ సరిగ్గా అదే సైజు. చక్రం బిగించి చేతులు గడ్డికి తుడుచుకుని జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీశాడు. షాపతని బిల్లు, 45 యూరోలు. మావారు వంద చేతిలో పెడితే మిగతాది లెక్కపెట్టి వెనక్కిచ్చాడు. పెట్రోలుకైనా తీసుకోమంటే, మన పెద్దవాళ్ళు పిల్లల్ని కసిరినట్టు చెయ్యి విదిలించాడు. చీకటి పడుతోంది కదా అని ముందు తను నడుపుతూ మమ్మల్ని వెనక రమ్మన్నాడు. ప్రతి మలుపుకీ చాలా ముందుగానే బ్రేకు లైటు వెలిగించేవాడు, మాకు తెలియాలని. హోటల్ గుమ్మం దాకా వచ్చాడు.

అక్కడ నా దగ్గర ఇవ్వడానికి ఏముంది? అబ్బాయి కోసం తెచ్చిన ఆత్రేయపురం పూతరేకుల్లో ఒక పెట్టె మిగిలింది. ఒకటి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని వీధి దీపం కింద అటూ ఇటూ తిప్పి, పైన కాగితం ఎక్కడ విప్పాలా అని గోటితో అంచు వెతుకుతున్నాడు. మావారు ఇంకోటి తీసి అలాగే నోట్లో పెట్టుకుని చూపించారు. ఆయన కొరికి, రెండు క్షణాలు ఆగి, నెయ్యి అంటిన వేళ్ళు చూసుకుని గట్టిగా నవ్వాడు. పెట్టె తీసుకున్నాడు. అదొక్కటే తీసుకున్నాడు.

హోటల్ ఆవిడ చెప్పింది, ఆయనది బోవెట్స్ కాదట, పైన త్రెంటాలో ఇల్లు. అంటే చక్రం తీసుకుని దిగడం, తిరిగి ఎక్కడం, మాతో మళ్ళీ దిగడం, ఇంటికి ఎక్కడం. మూడుసార్లు తన ఇంటి ముందు నుంచే దాటుకుంటూ వచ్చాడు.

పేరు ఎక్కడా రాయొద్దన్నాడట, అబ్బాయి అడిగితే. అందుకే పెద్దాయన అనే రాస్తున్నాను. పెద్దాయనా, రెండు గంటలు దాటాక మీ గురించి అన్న మాటకి నన్ను క్షమించండి. అబ్బాయి ఇది జర్మన్‌లోకి మార్చి హోటల్ ఆవిడ ద్వారా మీకు చేరుస్తానన్నాడు. ఆ వాక్యం తీసేయకుండా మార్చమని చెప్పాను.

అబ్బాయి, కోడలు చాలా చేశారు. ఫోనులు, బుకింగులు, రాత్రి వేడివేడి చారన్నం. వాళ్ళకి విడిగా చెప్పాలా.

ఇవాళ పొద్దున్న కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. టైరు మిగతా మూడింటి కంపెనీది కాదు కాబట్టి కొత్తది వేయడానికి, పైగా ఏదో ఆఫీసు ఖర్చు కింద, కార్డు మీద 214 యూరోలు పట్టుకున్నారు. 45 యూరోల చీటీ ఫొటో తీసి పంపాం. "మీ ఓపికకి ధన్యవాదాలు" అని జవాబు. అది మిషను రాసిన జవాబని చదివితేనే తెలుస్తోంది.

అయ్యో, మరిచిపోయాను. ఆ మలుపులో మా త్రికోణం బోర్డు గాలికి పడిపోతుంటే ఆగి, దానికి రాళ్ళు ఆనించి వెళ్ళిన మోటారు సైకిళ్ళ పిల్లలు ఇద్దరు, హెల్మెట్లలో మొహాలు కూడా చూడలేదు, మీకూ థాంక్స్. ఆదివారం షట్టరు ఎత్తిన టైర్ల షాపాయన, మిమ్మల్ని అసలు చూడనే లేదు. వంటగది మూసేశాక మళ్ళీ పొయ్యి వెలిగించి మాకు బంగాళదుంపల సూప్ పెట్టిన హోటల్ ఆవిడ. స్లొవేనియా హైవే ఎక్కకముందే ఆన్‌లైన్‌లో విన్యెట్, అంటే హైవే టోలు పాసు, కొనాలని గుర్తుచేసిన ఆస్ట్రియా పెట్రోల్ బంకు అమ్మాయి, లేకపోతే ఆ ఫైనూ పడేది. రాజమండ్రిలో ఇంటర్నేషనల్ పర్మిట్ ఇచ్చేటప్పుడు "అసలు లైసెన్సు కూడా దగ్గర పెట్టుకోండి మాస్టారూ" అని రెండుసార్లు చెప్పిన ఆర్టీఓ ఆఫీసు గుమస్తాగారు, మీరూ.

ఇంకొకటి. ఇది రాస్తుండగా కోడలు సంచులు విప్పుతూ ఒక స్టీలు మూత తెచ్చి "ఇదెవరిదత్తయ్యా?" అంది. ఆ ఫ్లాస్క్ మూత. కంగారులో నా సంచిలోనే ఉండిపోయింది. లోపల ఇంకా తేనె జిగట. రేపు పోస్టులో పంపిద్దామంటున్నాడు అబ్బాయి. ఖాళీగా ఎలా పంపుతాం? పూతరేకులు పట్టవు, పట్టినా పొడైపోతాయి. ఇంట్లో బెల్లం ఉందేమో చూడమన్నాను.