అరణ్యపర్వం ఒక్కరిది కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం రాత్రి ఒక టీవీ ఛానెల్ క్విజ్ కార్యక్రమంలో ‘ఆంధ్ర మహాభారతంలో అరణ్యపర్వాన్ని రచించిన కవి ఎవరు?’ అని అడిగి నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన అనే నాలుగు పేర్లు ఇచ్చారు. డిగ్రీ చదివే అమ్మాయి కాసేపు తటపటాయించి ‘ఎర్రన’ అనగానే ఎర్రదీపం వెలిగింది. సరైన జవాబు నన్నయ అని చెప్పి ఆమెను పోటీ నుంచి పంపేశారు. ఆది, సభా పర్వాలు ముగించిన నన్నయ గంటం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాల రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయిందనీ, విరాటపర్వం మొదలు 15 పర్వాలు తిక్కన రచించిన తరువాత, 14వ శతాబ్దిలో ఎర్రన ఆ శేషాన్ని పూరించాడనీ తెలుగు పాఠం చెప్పినవారెవరికైనా తెలుసు. పైగా ఎర్రన తన పూరణను నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజు రాజరాజనరేంద్రుని పేరిటే, నన్నయ రచన అన్నట్టుగానే ముగించాడు. ఆ వినయమే ఇప్పుడు ఆయనకు చేటు తెచ్చిందేమో! ప్రశ్నలో ‘రచించిన’కు బదులు ‘ప్రారంభించిన’ అని ఉంటే పేచీయే లేదు. ఆ అమ్మాయి ఏదో చెప్పబోతుండగానే ప్రకటనలు వచ్చేశాయి. నిర్వాహకులు పొరపాటును తెరమీదే ఒప్పుకుని, ఆమెకు మరో అవకాశం ఇవ్వాలని కోరుతున్నాను.

– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు