తమ్ముడి మాటలు వేరొకరి జాబులో దొరికాయి

సంపాదకులకు నమస్కారం.

మా తమ్ముడు 1990లలో అమెరికాలో చదువుకుంటూ యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చావేదికలోని తెలుగు చర్చల్లో తరచూ రాసేవాడు. వాడు పోయి పదకొండేళ్లు. నా దగ్గర వాడి ఉత్తరాలు నాలుగే ఉన్నాయి. అక్కడ రాసినవైనా పోగుచేద్దామని ఈ వేసవిలో మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వెతకడం మొదలుపెట్టాను.

పేరుతో ఏమీ రాలేదు. ఇంటిపేరు వాడు ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒక్కోసారి పొడి అక్షరంగా పెట్టుకున్నాడు. కాలేజీ మారినప్పుడల్లా ఈమెయిలు మారింది. అసలు చిక్కు లిపిది. అప్పట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసేవారు. అందులో 'ఆ' దీర్ఘానికి ఇంగ్లిషు 'a' అక్షరం చిన్నబడిలో రెండుసార్లు రాయవచ్చు, పెద్దబడిలో ఒకసారి రాసినా సరే. చదివేవారికి maagaaya, mAgAya రెండూ 'మాగాయే'. వెతికే కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు మాటలు.

చివరికి ఆ మాగాయే దారి చూపింది. అమ్మ మామిడి ముక్కలు ఎండబెట్టే తీరు గురించి వాడు రాసిన జాబు దొరకలేదు గానీ, దానికి ఎవరో ఇచ్చిన జవాబు దొరికింది. అందులో వాడి వాక్యాలు ఎత్తి రాసి, పంక్తి పంక్తికీ ముందు బాణం గుర్తు పెట్టారు. "ఉప్పు మా అక్కయ్య చేత్తో వేస్తేనే అమ్మకు నమ్మకం" అని ఉంది. వాడు నాతో ఎన్నడూ అనని మాట. ఆ ఆరు పంక్తులూ నోటుబుక్కులో దించుకున్నాను.

తర్వాత వాడు చేరిన మరో చర్చాబృందం జాడే లేదు. నడిపే సంస్థ మూసేసింది. సభ్యులకు ముందుగా ఈమెయిలు పంపారట. చనిపోయినవాడి ఈమెయిలు ఎవరు తెరుస్తారు?

1995లో మొదలైన డేజా న్యూస్ అనే వెబ్‌సైటు దాచిన యూజ్‌నెట్ జాబులు 2001లో గూగుల్ చేతికి వెళ్లాయి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ కొత్తవి చేరడం లేదు, పాతవి వెతుక్కోవచ్చు. ఆ వీలు ఉండగానే మన విశ్వవిద్యాలయాలు తెలుగు చర్చలకు ఒక ప్రతి తీసి దాచాలి. ఆర్‌టీఎస్‌ను తెలుగు లిపిలోకి మార్చి, రాసినవారి పేరు ఎన్ని రకాలుగా ఉన్నా ఒకచోట చేర్చాలి. తమ రాతలు వద్దన్నవారివి తీసేయాలి, అది వారి హక్కు. ఎవరైనా ఈ పని తలపెడితే మా తమ్ముడి ఆరు పంక్తులూ నేనే రాసి పంపుతాను.

– విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి