బ్రేకు ఆయిల్ మార్చి ఎన్నాళ్లయింది?

సంపాదకుల వారికి,

బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో కారు అడుగడుక్కీ ఆగాల్సిందే. ఇంజిన్ ఆయిల్ మార్చిన తేదీ గుర్తుపెట్టుకునేవాళ్లు కూడా బ్రేకు ఆయిల్ సంగతి అడిగితే తడుముకుంటారు. పెడల్ నొక్కిన బలాన్ని చక్రాల దాకా చేరవేసే ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్-4 రకం బ్రేకు ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఇంద్రకీలాద్రి ఘాట్‌రోడ్డు దిగుతూ బ్రేకు తొక్కిపట్టే ఉంచితే, ఆ వేడికి ఆయిల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ అణగదు, ఆవిరి అణుగుతుంది. పెడల్ మెత్తగా కిందిదాకా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే రెండేళ్లకోసారి పాత ఆయిల్ మొత్తం తీయించి, గొట్టాల్లో గాలి మిగలకుండా బయటికి తీసే బ్లీడింగ్ చేయించాలి. ఘాట్‌ దిగేటప్పుడు బ్రేకు మీద భారం తగ్గేలా రెండో గేరులోనే రావాలి.

డబ్బాలో ఆయిల్ తగ్గిందని పైపైన పోయించి వదిలేయడం పెద్ద పొరపాటు. చక్రం డిస్కును నొక్కి ఆపే ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టన్ ముందుకొచ్చి మట్టం తగ్గుతుంది, లేదా ఎక్కడో లీకు ఉంటుంది. ముందుగా చక్రాలు విప్పించి చూడండి. ప్యాడు మందం 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాల్సిందే, అదీ కుడి ఎడమ రెండు వైపులా. ఒక పక్కే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. లోపలి ప్యాడు బయటిదానికన్నా బాగా అరిగిందంటే చాలాసార్లు ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ జరగడానికి ఉండే పిన్నులు బిగుసుకున్నట్టే. వాటిని శుభ్రం చేసి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజే రాయాలి, మామూలు గ్రీజుకు రబ్బరు ఉబ్బిపోతుంది.

సర్వీసు బిల్లు మీద ప్యాడ్ల మందం, ఆయిల్ మార్చిన తేదీ రాసివ్వమని ప్రతి కారు యజమానీ పట్టుబట్టాలి.

– కారు మెకానిక్‌లు, ఆటోనగర్, విజయవాడ