అమెరికా యూనివర్సిటీల క్రీడా కూటమి ‘బిగ్ టెన్’ కమిషనర్‌కు 2020లో ఒక తండ్రి బహిరంగ లేఖ

కెవిన్ వారెన్ గారికి నమస్కారం.

2020 ఆగస్టు 11న మీరు అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ వాయిదా వేసినప్పుడు చాలామంది మిమ్మల్ని తిట్టారు. నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను. కరోనా తగ్గాక కూడా కుర్రాళ్లకు గుండె కండరం వాచే ప్రమాదం ఉందని డాక్టర్లు హెచ్చరిస్తున్న రోజులవి.

సెప్టెంబర్ 16న మాట మార్చి, అక్టోబర్ చివర్లో ఆడిస్తామన్నారు. ఆటగాళ్లకు రోజూ పరీక్షలు, పాజిటివ్ వస్తే కనీసం 21 రోజులు మ్యాచ్‌లకు దూరం, గుండెకు స్కాన్. మంచి జాగ్రత్తలే, కాదనను. మరి అదే క్యాంపస్‌లో హాస్టల్‌లో ఉన్న మా అమ్మాయికి రోజూ పరీక్ష ఎవరు చేస్తారు? స్టేడియంలోకి జనాన్ని రానివ్వకపోయినా, మ్యాచ్ రాత్రి ఇళ్లలో పార్టీలు ఆగుతాయా? నా టెన్షన్ అంతా అదే.

ప్రతి టీమ్‌లో, ప్రతి క్యాంపస్‌లో ఎన్ని కేసులున్నాయో వారం వారం బయటపెట్టండి. కేసులు పెరిగితే, టీవీ డబ్బు లెక్క చూడకుండా ఆట ఆపండి.