పాంక్రియాస్ పేషెంటుకు అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

కర్నూలులోని ఒక సర్జరీ వార్డు నుంచి రాస్తున్నాం. పాంక్రియాస్ (కడుపు వెనకుండే క్లోమ గ్రంథి) కొంత చచ్చి, అందులో చీము పట్టిన పెద్దాయన నిన్న నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. పొట్ట నిలువునా కోసే పని లేకుండా ఇది జరిగిందంటే ఆపరేషన్ థియేటర్ బయటివాళ్ల కష్టం చాలా ఉంది.

మొదటి నమస్కారం ఆ ఇంటివాళ్లకు. "పొట్ట తెరిచి కడిగేయొచ్చు కదా సార్" అని చుట్టాలు ఎంత ఒత్తిడి పెట్టినా మా మాట మీద ఆగారు. చచ్చిన భాగం చుట్టూ గోడలా కట్టుకోవడానికి సుమారు 4 వారాలు పడుతుంది. ఆలోపే చెయ్యి పెడితే బతికినదేదో చచ్చినదేదో విడిపడదు, రక్తం ఆగదు. 2010లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, ముందు డ్రెయిన్ (చీము బయటికి పోయే గొట్టం) వేసి చూసినవాళ్లలో 35 శాతం మందికి ఆపై ఆపరేషనే అక్కర్లేకపోయింది. ఈయనకు కావాల్సి వచ్చింది.

అప్పుడు అక్కరకొచ్చింది రేడియాలజీ డాక్టరుగారు వేసిన డ్రెయినే. సీటీ స్కాన్ చూస్తూ, పేగులకు తగలకుండా ఎడమ పక్క వెనక నుంచి వేశారు. ఆ గొట్టం వెంబడే, పక్కటెముకల కింద 5 సెంటీమీటర్ల కోతతో కెమెరా లోపలికి వెళ్లింది. వదులుగా ఉన్న ముక్కలనే తీశారు. మెల్లగా లాగితే రానిదాన్ని వదిలేయాలి, దాని వెనక రక్తనాళం ఉండొచ్చు.

సిస్టర్లకు ఎంత చెప్పినా తక్కువే. 8 గంటలకోసారి, అర్ధరాత్రైనా సరే, 20 మి.లీ. సెలైన్‌తో డ్రెయిన్ కడిగారు. నానిన అట్టముక్కల్లాంటి బూడిదరంగు తునకలు గొట్టానికి అడ్డం పడతాయి. సంచి ఖాళీగా ఉంటే చీము తగ్గిందని సంబరపడకూడదు, ముందు గొట్టం మూసుకుందేమో చూడాలి. పోసిన సెలైన్ తీసేసి మిగిలిందే చార్టులో రాశారు. ఆహారం పోసే ముక్కు గొట్టం మాత్రల పొడితో మూసుకుపోకుండా కాపాడిందీ వాళ్లే.

ఆదోని నుంచి బస్సెక్కి వచ్చి రక్తమిచ్చిన తమ్ముళ్లూ, అది ఎక్కించే అవసరం రాలేదు. కానీ బ్లడ్ బ్యాంకులో సిద్ధంగా ఉందన్న ధైర్యంతోనే ఆపరేషన్ మొదలైంది.

అమ్మా, నాన్నగారికి ఇంకా ఒక డ్రెయిన్ ఉంది. సంచిలో చెంచాడు ఎర్రగా కనబడినా, దానంతటదే ఆగిపోయినా, తెల్లారేదాకా ఆగొద్దు. రక్తనాళం ఉబ్బి పగిలేముందు ఒక్కోసారి అలా కొంచెమే కారి ఆగుతుంది. ఏ వేళైనా వెంటనే తీసుకురండి.